తమ్ముడికి ర్యాంపు, అమ్మకు తోడు: ఓటు కోసం ఎవరిని, ఎప్పుడు అడగాలి?

ప్రశ్న: మాది ఆదోని. మా తమ్ముడికి పోలియో వల్ల రెండు కాళ్లూ పనిచేయవు, వీల్‌చైర్‌లోనే తిరుగుతాడు. 75 శాతం వైకల్యం ఉన్నట్టు సదరం సర్టిఫికెట్ ఉంది. అమ్మకు నీటికాసులతో 2023లో చూపు పోయింది, ఆమెకు సర్టిఫికెట్ ఇంకా చేతికి రాలేదు. 2024 మే ఎన్నికల్లో మా పోలింగ్ కేంద్రం ఉన్న బడికి మూడు మెట్లున్నాయి, ర్యాంపు లేదు. నలుగురు కుర్రాళ్లు తమ్ముణ్ణి కుర్చీతో సహా ఎత్తి లోపల పెట్టారు. అందరూ చూస్తుంటే వాడు తలెత్తలేదు. అమ్మ వెంట నేను వెళ్తానంటే సర్టిఫికెట్ లేదని ఆపేశారు, సిబ్బందిలో ఒకరు ఆమె తరఫున బటన్ నొక్కారు. ఇంత యాతన ఎందుకు, ఈసారి ఇంటి దగ్గరే ఓటు వేయించుకోమని కొందరు చెబుతున్నారు. తమ్ముడు మాత్రం బడికే పోతానంటాడు. ఇద్దరికీ నేనే తోడు వెళ్లొచ్చా? ఎవరిని అడగాలి?
ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: బడికే పోయి ఓటేస్తానని మీ తమ్ముడు అనడంలో మొండితనం ఏమీ లేదమ్మా. చట్టం అతని పక్కనే ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 11వ సెక్షన్ ప్రకారం ప్రతి పోలింగ్ కేంద్రమూ దివ్యాంగులు సులువుగా వచ్చి వెళ్లగలిగేలా చూసే బాధ్యత కేంద్ర ఎన్నికల సంఘానిది, రాష్ట్ర ఎన్నికల సంఘానిది కూడా. ఆ చట్టం రాకముందే, 2004లోనే, పోలింగ్ కేంద్రాల్లో ర్యాంపుల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కాబట్టి నలుగురు ఎత్తి లోపల పెట్టడాన్ని సాయం అని సరిపెట్టుకోవద్దు. ర్యాంపు పెట్టకపోవడం అక్కడి ఏర్పాట్లలో లోపం.

ఇంటి దగ్గర ఓటు మంచి సౌకర్యమే. మంచం దిగలేనివాళ్లకు అది వరం. కానీ అది ఓటరు కోరుకుంటేనే, ఎవరూ బలవంతం చేయకూడదు. దానికి ఫారం 12డీ ఇవ్వాలి. 85 ఏళ్లు దాటినవాళ్లు, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లు అర్హులు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లోగా అది మీ నియోజకవర్గం ఎన్నిక నడిపే రిటర్నింగ్ ఆఫీసర్‌కు చేరాలి. 2024లో మన రాష్ట్రంలో నోటిఫికేషన్ ఏప్రిల్ 18న వచ్చింది, పోలింగ్ మే 13న జరిగింది. అంటే పోలింగ్‌కు దాదాపు మూడు వారాల ముందే గడువు అయిపోయింది. చాలామంది చివరి వారంలో టెన్షన్ పడుతూ మా దగ్గరికి వస్తారు, అప్పటికి ఎవరూ చేయగలిగింది ఉండదు. ఇంకో ముఖ్యమైన సంగతి. 12డీ మంజూరైతే జాబితాలో మీ పేరు పక్కన పోస్టల్ బ్యాలెట్ అని గుర్తు పడుతుంది, ఇక పోలింగ్ రోజున బడికి వెళ్లినా ఓటు వేయనివ్వరు. సిబ్బంది ముందే కబురు చేసి ఇంటికి వస్తారు. మొదటిసారి మీరు లేకపోతే మరోసారి వస్తారు, అంతే. బడికే పోవాలని మీ తమ్ముడి మనసులో ఉంటే, ఎవరు తెచ్చిచ్చినా ఆ ఫారం మీద సంతకం పెట్టవద్దని చెప్పండి.

ఇప్పుడు అమ్మ విషయం. 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49ఎన్ అనే నియమం ఉంది. చూపు లేకపోవడం వల్ల గానీ, ఇతర శారీరక ఇబ్బంది వల్ల గానీ ఓటరు గుర్తులు పోల్చుకోలేకపోయినా, బటన్ నొక్కలేకపోయినా, 18 ఏళ్లు నిండిన ఒక తోడును ఓటింగ్ కంపార్ట్‌మెంట్ దాకా తీసుకెళ్లనివ్వాలి. పోలింగ్ కేంద్రం బాధ్యత చూసే ప్రిసైడింగ్ ఆఫీసర్‌కు ఆ సంగతి నమ్మకం కుదిరితే చాలు. సదరం సర్టిఫికెట్ ఉండాలని ఆ నియమంలో ఎక్కడా లేదు. మిమ్మల్ని ఆపడం తప్పు. సిబ్బందే బటన్ నొక్కడం అంతకంటే పెద్ద తప్పు, ఎందుకంటే తోడు ఎవరో ఎంచుకోవాల్సింది అమ్మ. తోడు వెళ్లేవారు రెండు విషయాలు రాసివ్వాలి: ఓటు ఎవరికి వేశారో బయట పెట్టనని, ఆ రోజు ఇంకే పోలింగ్ కేంద్రంలోనూ మరొకరికి తోడుగా వెళ్లలేదని. ఆ వివరాలు ఫారం 14ఏలో ఎక్కుతాయి. అమ్మ చెప్పిన గుర్తు మీదే నొక్కండి, మీకు నచ్చినదాని మీద కాదు. ఇంట్లోవాళ్లమే కదా అని ఈ విషయం తేలిగ్గా తీసుకునేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

అమ్మ స్వయంగా వేయాలనుకుంటే అదీ కుదురుతుంది. యంత్రం మీద నీలం బటన్ల పక్కన బ్రెయిలీ అంకెలుంటాయి. బ్రెయిలీ రాకపోయినా తన అభ్యర్థి పైనుంచి ఎన్నోవాడో ముందే తెలుసుకుంటే వేళ్లతో తడిమి లెక్కపెట్టుకోవచ్చు. నొక్కాక బీప్ శబ్దం వస్తుంది. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలు కలిసి జరిగితే రెండు యంత్రాలు ఉంటాయి, రెండింటి వరసా వేరుగా గుర్తుపెట్టుకోవాలి.

ఒకే మనిషి ఇద్దరికి తోడుగా వెళ్లొచ్చా అన్నారు. వెళ్లకూడదు. ఒకరోజు ఒక్కరికే. అయితే మీ ఇంట్లో ఆ చిక్కు రాదు. తమ్ముడికి చేతులు, కళ్లు బాగానే ఉన్నాయి, బటన్ తనే నొక్కగలడు. అతనికి కావాల్సింది ర్యాంపు, లోపల చక్రాలు తిరిగేంత చోటు, క్యూలో నిలబడకుండా ముందుగా పంపడం. కుర్చీ తోసేవారు కంపార్ట్‌మెంట్ దగ్గర ఆగిపోతారు, నియమం చెప్పే తోడు కిందికి వాళ్లు రారు. కాబట్టి 49ఎన్ కింద మీరు అమ్మకే వెళ్లండి.

ఇక అడగడం. ముందుగా తమ్ముడి పేరు మీద ఫారం 8 వేయండి. అందులో దివ్యాంగ ఓటరుగా గుర్తించమని కోరే భాగం ఉంటుంది, సదరం సర్టిఫికెట్ జత చేయాలి. మీ పోలింగ్ కేంద్రం ఓటర్ల జాబితా చూసే బీఎల్వోకు (బూత్ స్థాయి అధికారికి) ఇవ్వొచ్చు, ఆన్‌లైన్‌లోనూ, ఎన్నికల సంఘం వారి యాప్‌లోనూ పెట్టొచ్చు. జాబితాలో ఆ గుర్తు ఉంటేనే మీ కేంద్రంలో వీల్‌చైర్ ఓటరు ఉన్నాడని అధికారులకు తెలుస్తుంది. అమ్మ సర్టిఫికెట్ రాగానే ఆమెకూ ఇదే చేయండి, రేపు ఆమె ఇంటి ఓటు కోరుకున్నా దారి ఉంటుంది.

దాంతో పాటు తెల్లకాగితం మీద ఒక అర్జీ. జిల్లా ఎన్నికల అధికారి, అంటే కలెక్టర్ పేరున రాసి, తహసీల్దార్‌కు కాపీ ఇవ్వండి. పోలింగ్ కేంద్రాలు ఏర్పాటు చేయాల్సింది 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 25వ సెక్షన్ కింద జిల్లా ఎన్నికల అధికారే. పెద్ద భాష అక్కర్లేదు: "ఫలానా నంబరు పోలింగ్ కేంద్రానికి మూడు మెట్లున్నాయి. నా ఓటరు కార్డు నంబరు ఇది. నేను వీల్‌చైర్ వాడతాను. దివ్యాంగుల హక్కుల చట్టం 11వ సెక్షన్ ప్రకారం ర్యాంపు కట్టించండి, లేదా మెట్లు లేని గదికి మార్చండి." మెట్ల ఫోటో జత చేయండి. ర్యాంపు వాలు కూడా రాయండి: ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. లేకపోతే ఒక చెక్క పలక వాల్చి ర్యాంపు అంటారు, దాని మీద కుర్చీ ఎక్కదు, ఎక్కినా వెనక్కి జారుతుంది. అర్జీ ముట్టినట్టు రసీదు తీసుకోవడం మరవద్దు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో ఇస్తే నమోదవుతుంది. ఎన్నికల కోడ్ వచ్చాక ఆ గ్రీవెన్స్ సాధారణంగా ఆపేస్తారు, అందుకే ఇప్పుడే వెళ్లండి. జవాబు రాకపోతే ఓటర్ల హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేయండి, ఆ తర్వాత రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాయండి. హక్కు అందలేదన్న ఫిర్యాదులు విచారించే అధికారం 80వ సెక్షన్ కింద వారికి ఉంది.

పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. నేను చెప్పిన 12డీ పద్ధతి అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలది. ర్యాంపు హక్కు మాత్రం రెండింటికీ ఒకటే.

పోలింగ్ ముందు రోజు సాయంత్రానికి సిబ్బంది బడికి చేరుకుంటారు. అప్పుడు ఒకసారి వెళ్లి ర్యాంపు చూసుకోండి, లేకపోతే ఫోటో తీసుకోండి. మర్నాడు పోలింగ్ కేంద్రం లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. ప్రిసైడింగ్ ఆఫీసర్‌ను కలిసి అర్జీ కాపీ, రసీదు చూపించి, రేపు వీల్‌చైర్‌లో ఒకరు, చూపు లేని అమ్మ ఒకరు వస్తున్నారని, అమ్మకు తోడు మీరేనని చెప్పండి. ర్యాంపు లేకపోతే అప్పుడే 1950కి చెప్పండి, సరిచేయడానికి వాళ్లకు ఒక రాత్రి ఉంటుంది.