నెల్లూరు అనేది తమిళ పేరా, తెలుగు పేరా?

"నెల్లూరు తమిళ పేరే కదా, మరి ఊరు తెలుగువాళ్లది ఎట్లా అయింది?" అని అడిగారు. నేను పుట్టి పెరిగింది నెల్లూరు మూలాపేటలో, పదకొండేళ్లుగా ఉద్యోగం చెన్నైలో. రెండు వైపులా ఈ వాదన విని విని చెవులు చిల్లులు పడ్డాయి.

మా వీధి చివరే మూలస్థానేశ్వరస్వామి గుడి. ముక్కంటి రెడ్డి అనే ఆయనకు శివుడు కలలో కనపడి, నెల్లి చెట్టు కింద లింగముందని చెప్పాడని, ఆ నెల్లి వల్లే ఊరు నెల్లూరు అయిందని మా అవ్వ కథ. "నెల్లి అంటే ఏం చెట్టవ్వా?" అంటే "ఉసిరి చెట్టురా, మాట్లాడకుండా తిను" అనేది. ఉసిరిని నెల్లి అని ఎవరంటారో నాకు అర్థమయ్యేది కాదు. చెన్నైకి వచ్చిన కొత్తలో ఒక పొద్దున తోపుడుబండి ముసలామె "నెల్లికాయ్!" అని కేకేస్తుంటే దిగి చూశాను. గంప నిండా ఉసిరికాయలు. పావుకిలో కొని, అవ్వకు ఫోన్ చేశాను.

కథ బాగుంది గానీ, నా ఓటు మాత్రం వడ్లకే. తమిళంలో 'నెల్' అంటే వడ్లు. ఇలా ఒకే హ్రస్వం ఉన్న చిన్న మాట చివరి ల్, అచ్చు ముందు రెట్టిస్తుంది కాబట్టి నెల్+ఊర్ నెల్లూర్ అవుతుంది. 'వేల్' (ఈటె)లో దీర్ఘముంది, అందుకే మనం వెల్లూరనే ఊరు తమిళులకు వేలూర్. పైగా పెన్నా కింద మొలగొలుకులనే వడ్లు పండించిన నేల మాది. వడ్ల కొలత పుట్టి అంటే 850 కిలోలని మావైపు చిన్న పిల్లలు కూడా చెప్తారు.

అయితే ఈ మాటలు తమిళుల సొంతమేమీ కాదు. కన్నడంలోనూ నెల్లి ఉసిరే, నెల్లు వడ్లే. మన వాడుకలో లేవు, అంతే. చోళుల ఏలుబడి వల్ల జిల్లాలో తమిళ శాసనాలు బోలెడున్నాయి, దాచాల్సిన పనేముంది? 13వ శతాబ్దంలో తిక్కన, మనుమసిద్ధి కొలువులో ఉండి, భారతంలో 15 పర్వాలు తెలుగు చేసిందీ ఈ ఊళ్లోనే. పేరు ఏ భాషదని ఆయన కలం ఆగలేదు గదా!

విక్రమసింహపురి అనే గంభీరమైన సంస్కృతం పేరు కూడా మా ఊరికుంది. ఇప్పుడది ఒక రైలుకీ, యూనివర్సిటీకీ మిగిలింది. సింహపురికి టికెట్ ఇవ్వమని ఏ బస్సులోనూ ఎవరూ అడగరు. చెన్నై మాధవరం బస్టాండులో మన కండక్టరూ, తమిళ కండక్టరూ అరిచేది ఒకటే పేరు. వాళ్లు 'ఊర్' దగ్గర ఆపేస్తారు, మనవాళ్లు 'రూ' అని సాగదీస్తారు.