టెక్ సందేహాలు: హార్ప్‌సికార్డ్ దగ్గర పియానో యాప్ ఎందుకు తడబడింది?

ప్రశ్న: బరంపురంలో పియానోలు ట్యూన్ చేస్తుంటాను. గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు చర్చిల్లో పనికీ వెళ్తాను. ఈమధ్య గోపాల్‌పూర్‌లో ఒకాయన విదేశం నుంచి తెచ్చుకున్న హార్ప్‌సికార్డ్ (పియానో కన్నా పాతకాలపు కీబోర్డు వాద్యం) ట్యూన్ చేయమన్నారు. రోజూ వాడే పియానో యాప్‌తోనే చేశాను. స్క్రీన్ మీద అన్నీ సున్నాలే, చెవికి మాత్రం ఆక్టేవులు (ఒకే స్వరం కింది, పై స్థాయిలు) కలవక కదులుతూనే ఉన్నాయి. పైగా కింది సి నొక్కితే యాప్ ఒక్కోసారి జి అని చూపిస్తోంది. తప్పు ఫోన్‌దా, నాదా?

జవాబు: మీ చెవి చెప్పిందే నిజమండీ. ఫోన్ చెడిపోలేదు. ఎదురుగా ఉన్నది పియానో అనుకుని లెక్క కట్టింది, అంతే.

పియానో తీగ లావుపాటి ఉక్కు. ఆ బిరుసుతనం వల్ల అందులోంచి మూలస్వరంతో పాటు వచ్చే ఉపస్వరాలు దానికి కచ్చితంగా రెండు రెట్లు, మూడు రెట్లు ఉండక కొంచెం పైకి జరుగుతాయి. అందుకే మీరు పియానో ఆక్టేవులను కాస్త సాగదీస్తారు. యాప్ ఆ సాగదీతను తనంతట తానే కలిపేస్తుంది. హార్ప్‌సికార్డ్‌కి ఉండేవి సన్నటి ఇనుము, ఇత్తడి తీగలు. వాటిలో ఈ జరుగుబాటు చాలా తక్కువ. సాగదీసిన ఆక్టేవు అక్కడ తప్పుగానే వినిపిస్తుంది. సెట్టింగ్స్‌లో స్ట్రెచ్ అనేది వెతికి సున్నా చేయండి. అలాంటి ఆప్షన్ లేకపోతే ఆ యాప్ పక్కన పెట్టి, మామూలు క్రోమాటిక్ ట్యూనర్ వాడటం మేలు.

సి బదులు జి రావడానికి కారణం వేరు. హార్ప్‌సికార్డ్‌లో సుత్తి కొట్టదు, చిన్న ముల్లు తీగను మీటుతుంది. దాంతో కింది తీగల్లో మూలస్వరం కన్నా ఉపస్వరాలే బలంగా పలుకుతాయి. మూడో ఉపస్వరం సరిగ్గా జి. ఆటో మోడ్ తీసేసి, స్వరాన్ని మీరే ఎంచుకోండి. ఒక్కో కీకి రెండు మూడు వరుసల తీగలుంటే, ఒకటి ఉంచి, మిగతా వరుసలను మీటే ముళ్లను లివర్‌తో పక్కకు జరపండి. రబ్బరు ముక్కలు పెట్టే పని లేదు. మొదటి వరుస యాప్‌తో చేశాక, రెండోది దానికి చెవితోనే కలపండి. సీలింగ్ ఫ్యాన్ తప్పక ఆపండి. తిరిగే రెక్కలు శబ్దాన్ని అలలు అలలుగా చేస్తాయి, అవి అచ్చం బీట్లలాగే, అంటే రెండు స్వరాలు పూర్తిగా కలవనప్పుడు వచ్చే ఊగుడులాగే వినిపిస్తాయి. వీణ శ్రుతి చూస్తూ నేను ఈ ఫ్యాన్ వల్లే అరగంట పోగొట్టుకున్నాను.

ఇప్పుడు అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సిన మాట. ఆ వాయిద్యం ఏ పిచ్‌కి తయారైందో యజమానిని అడిగారా? చాలా హార్ప్‌సికార్డ్‌లలో ‘ఏ’ (A) స్వరం 415 హెర్ట్జ్, అంటే 440 కన్నా అరస్వరం తక్కువ. 415ది 440కి లాగితే తీగ మీద టెన్షన్ సుమారు 12 శాతం పెరుగుతుంది. ఆ తీగలు ముందే తెగే హద్దుకు దగ్గరగా ఉంటాయి. తెలియకపోతే 415 దాటకండి. పియానో ట్యూనింగ్ హామర్ కూడా వాడొద్దు. ఇక్కడి పిన్నులు సన్నవి, సరిపడే చిన్న ట్యూనింగ్ తాళం (పిన్ను తిప్పే పనిముట్టు) కావాలి. కీ గట్టిగా కొట్టడం, పిన్ను బలంగా తిప్పి వెనక్కి తేవడం లాంటి అలవాట్లు ఇంట్లో వదిలి వెళ్లండి. వెంట్రుకవాసి కదిలిస్తే చాలు.

ఇక టెంపరమెంట్, అంటే స్వరాల మధ్య దూరాలను సర్దే పద్ధతి. పియానోలో అన్ని ఫిఫ్త్‌లూ (స, ప మధ్య ఉండేలాంటి దూరాలు) సమానంగా 2 సెంట్ల చొప్పున తగ్గుతాయి; సెంట్ అంటే అరస్వరంలో నూరోవంతు. బరోక్ సంగీతానికి (హార్ప్‌సికార్డ్ కాలపు ఐరోపా సంగీతం) వల్లోట్టి అనే పద్ధతి హాయిగా ఉంటుంది. ఎఫ్ నుంచి బి వరకు ఆరు ఫిఫ్త్‌లు దాదాపు 4 సెంట్ల చొప్పున తగ్గించి, మిగతా ఆరు శుద్ధంగా వదిలేస్తారు. 415 పిచ్‌లో మధ్య ఆక్టేవు డి (D), ఏ (A) కలిపి నొక్కితే సెకనుకు సుమారు రెండు బీట్లు రావాలి. తంబురా స, ప కలిసినప్పుడు ఆగిపోయే కదలికను మీరు వినే ఉంటారు. ఇక్కడ దాన్ని ఆపకుండా, కావలసినంత మిగల్చాలి. యాప్‌లో వల్లోట్టి పెట్టినా ఈ ఒక్కటి చెవితో సరిచూసుకోండి.

గోపాల్‌పూర్ సముద్రపు గాలికి ఇది ఎంతకాలం నిలుస్తుందని ఆయన అడుగుతారు. పియానోకి ఇనుప ఫ్రేమ్ ఉంది, దీనికి ఉన్నదల్లా చెక్క. వానాకాలంలో వారానికోసారి సరిచేయాల్సి రావచ్చు. ప్రతిసారీ బరంపురం నుంచి మీరు వెళ్లడం కుదరదు కాబట్టి, ఆయనకే తాళం కొనిపించి నేర్పండి. హార్ప్‌సికార్డ్ వాయించేవాళ్లు చాలామంది తమది తామే ట్యూన్ చేసుకుంటారు. ఆ నేర్పినదానికి కూడా ఫీజు తీసుకోండి, అది మీ హక్కు.

ప్రశ్న: మా చర్చి కీబోర్డ్, పాత హార్మోనియం కలవడం లేదు. ఏం చేయాలి? (రాయగడ)

జవాబు: హార్మోనియం ముట్టుకోకండి. కీబోర్డ్ ఫంక్షన్ మెనూలో ట్యూనింగ్ ఉంటుంది. హార్మోనియం ‘ఏ’ (A) స్వరాన్ని ట్యూనర్ యాప్‌లో చూసి, అదే అంకె అక్కడ పెట్టండి.