మదర్‌బోర్డు పోలేదు, మిరప దుమ్ము పట్టింది

"పదేళ్లు దాటిన ల్యాప్‌టాప్. ఫ్యాను హోరుమంటోంది, అడుగు భాగం చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది, కాసేపటికి దానంతట అదే ఆగిపోతోంది. ఇంట్లోనే విప్పి ఫ్యాను శుభ్రం చేసుకోవచ్చా, షాపుకు ఇవ్వడం మంచిదా?" అని అడిగారు.

నిక్షేపంగా విప్పుకోండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం చెయ్యి పెట్టకండి. బల్ల మీద పెట్టినప్పుడు అడుగు సమంగా ఆనకుండా ఊగుతున్నా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా ఉబ్బిందేమోనని అనుమానించాలి. అది తప్ప పదేళ్ల యంత్రంతో భయపడాల్సింది ఏమీ లేదు. వారంటీ ఎప్పుడో తీరిపోయింది. షాపులో ఎలాగూ పాడైపోయిందనే అంటారు. ఇంక పోయేది ఏముంది?

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే మాస్టారిని. చుట్టాల ఇళ్లలో మూలనపడ్డ ల్యాప్‌టాప్‌లు విప్పడం నాకున్న పిచ్చి. పండుగకు ఎవరింటికి వెళ్లినా భోజనాలయ్యాక తాంబూలంతో పాటు ఒక పాత ల్యాప్‌టాప్ కూడా చేతికిస్తారు. వాటిలో నేను చూసిన జబ్బు దాదాపు ఒకటే, ఊపిరి ఆడకపోవడం. దీనికి నా దగ్గర పట్టికలూ లెక్కలూ లేవు కానీ పందెం కాయమంటే కాస్తాను.

మా బావగారికి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. కొట్టు లెక్కలన్నీ 2012లో కొన్న ఒక ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. మూడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, లెక్కలు రాసే ట్యాలీ ప్రోగ్రాము, పక్కన ఒక డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. ఆ వ్యాపారానికి ఇంతకు మించి అక్కరలేదు కూడా. సీజనులో యార్డుకు ఒక్క రోజే లక్ష టిక్కీలు (మిర్చి గోతాలు) దాటి సరుకు వచ్చే సందర్భాలుంటాయి. తేజ, బాడిగ, 334, 341 అంటూ రకాల వారీగా గోతాలు దింపి, విప్పి, కాటా వేసి, మళ్లీ కుట్టే చోట గాలిలో ఏముంటుందో వేరే చెప్పనక్కరలేదు. కొత్తగా వెళ్లినవాడు గేటు దాటేలోపే తుమ్ముతాడు. ఆ గాలినే ఈ ల్యాప్‌టాప్ ఏళ్ల తరబడి పీల్చింది.

ఒక సీజను మధ్యలో అది మొరాయించడం మొదలుపెట్టింది. ఊళ్లో ఒక షాపుకు తీసుకెళితే, అక్కడి కుర్రవాడు మూత కూడా తీయకుండా "మదర్‌బోర్డు పోయింది సార్, తొమ్మిది వేలవుతుంది, దానికన్నా కొత్తది తీసుకోండి" అన్నాడట. బావగారు ఆదివారం దాన్ని ఇంటికి తెచ్చి నా ముందు పెట్టి, "ఏమయ్యా, ఇది బాగవుతుందా, తూకానికి వేసేద్దామా?" అన్నారు.

నేను అడిగింది ఒక్కటే. పొద్దున్నే ఎంతసేపు నడుస్తోంది, మధ్యాహ్నం ఎంతసేపు నడుస్తోంది? పొద్దున కొట్టు తెరిచిన వేళ అరగంట చక్కగా నడుస్తుందని, ఎండ ముదిరాక అయిదు నిమిషాలకే ఆగిపోతుందని చెప్పారు. పోయిన మదర్‌బోర్డుకు పొద్దున, మధ్యాహ్నం అనే తేడా ఎందుకుంటుంది? ఉష్ణోగ్రత చూపించే చిన్న ప్రోగ్రాము ఒకటి వేసి చూస్తే, ఏ పనీ లేకుండానే 78 డిగ్రీలు. ట్యాలీ తెరిచి నాలుగు బిల్లులు ప్రింటు కొట్టేసరికి 97. ఆ తర్వాత తెర నల్లబడింది. నూరు డిగ్రీల దరిదాపులకు వస్తే ప్రాసెసర్ ముందు తన వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ వేడి దిగకపోతే కాలిపోకుండా యంత్రం మొత్తం ఆగిపోతుంది. అంటే అది చెడిపోలేదు, చేయాల్సిన పనే చేస్తోంది.

ఇక్కడ కొంచెం పాఠం చెబుతాను, భరించండి. ఆ కాలపు మామూలు ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు 35 వాట్ల రకం. బొటనవేలి గోరంత చోటు నుంచి ఆ వేడంతా బయటికి పోవాలి. దాని మీద రాగి పలక, పలకకు అతికించిన రాగి గొట్టం ఉంటాయి. గొట్టం లోపల కొద్దిగా నీరు పోసి మూసేస్తారు. వేడి తగిలిన చివర అది ఆవిరై, చల్లని చివర మళ్లీ నీరై వెనక్కి వస్తుంది. ఆ చల్లని చివర సన్నటి రేకుల వరుస ఉంటుంది. ఫ్యాను కింద నుంచి గాలి పీల్చి ఆ రేకుల సందుల్లోంచి పక్కకు ఊదుతుంది. అంత చిన్న పెట్టెలో ఇంత చక్కని ఏర్పాటు చేసిన ఇంజినీరుకు దండం పెట్టాలి. ఫ్యాను దగ్గరికి చెయ్యి చేరకుండా పెట్టె బిగించిన ఇంజినీరును మాత్రం నాలుగు మాటలు అనాలి. ఇద్దరూ ఒకే కంపెనీలో ఉంటారంటే నమ్మబుద్ధి కాదు.

దుమ్ము ఎక్కడ చేరుతుందో తెలిస్తేనే మిగతా కథ అర్థమవుతుంది. అది ఫ్యాను రెక్కలకు అంటుకునేది కొంతే. అసలు దట్టంగా పట్టేది ఫ్యానుకూ రేకులకూ మధ్య, రేకుల లోపలి ముఖం మీద. బయటి జాలీలోంచి టార్చి వేసి చూస్తే రేకులు తళతళలాడుతూ కనిపిస్తాయి. "శుభ్రంగానే ఉందే" అనుకుంటాం. షాపుల్లో బయటి నుంచి బ్లోయరుతో ఊది రెండు మూడు వందలు తీసుకుంటారు చూడండి, ఆ ఊదుడుకు లోపలి మందపాటి పొర కాస్త వెనక్కి జరిగి ఫ్యాను మీద పడుతుంది. రెండు రోజులు బాగుంటుంది. తర్వాత ఫ్యాను మళ్లీ దాన్ని తెచ్చి అక్కడే అతికిస్తుంది. పైగా అంత జోరు గాలికి ఫ్యాను దాని హద్దుకు మించి తిరిగి బేరింగు అరుగుతుంది. ఊదాలంటే రెక్కలను ఒక పుల్లతో కదలకుండా పట్టుకుని ఊదాలి. అది కూడా లోపలి వైపు నుంచి.

బావగారి ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ పేరు చెప్పను కానీ అందులో ఫ్యాను మదర్‌బోర్డు అడుగున ఉంది. వెనక ఒక మూత తీస్తే ఫ్యాను కనిపించే మోడళ్లు కూడా ఆ రోజుల్లో ఉండేవి. ఇది అలాంటిది కాదు. చార్జరు పీకి, బ్యాటరీ తీసి, లోపల మిగిలిన కరెంటు పోవడానికి పవర్ బటన్ అరనిమిషం నొక్కి పట్టుకోవడంతో మొదలు. తర్వాత డీవీడీ డ్రైవు, హార్డ్‌డిస్కు, అడుగు స్క్రూలు, కీబోర్డు, దాని కింద ఇంకొన్ని స్క్రూలు, చేతులు ఆనించే పై పలక, చివరికి బోర్డు.

స్క్రూల గురించి ఒక్క మాట. అన్నీ ఒకే పొడవు ఉండవు. పొట్టి స్క్రూ చోట పొడవుది బిగిస్తే అది పై పలకను పొడుచుకుని టచ్‌ప్యాడ్ పక్కన బొడిపెలా లేస్తుంది. నేను థర్మకోల్ ముక్క మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చుతాను. రబ్బరు బుడిపెల కింద, స్టిక్కర్ల కింద కూడా స్క్రూలు దాచి ఉంటాయి. ఏదైనా రాకపోతే బలం పెట్టకండి, ఎక్కడో ఇంకో స్క్రూ మిగిలి ఉందని అర్థం.

కీబోర్డు రిబ్బను కేబుల్ దగ్గర చాలామంది చేతులు వణుకుతాయి. సాకెట్టుకు సన్నటి తాళం ఉంటుంది. కొన్నిటిలో గోటితో పైకి ఎత్తాలి, కొన్నిటిలో రెండు చివరలా పట్టుకుని ముందుకు జరపాలి. తాళం తీశాక రిబ్బను దానంతట అదే జారి వస్తుంది, లాగాల్సిన పని లేదు. వీడియోలు చేసేవాళ్ల మీద నాకు ఇక్కడే కోపం. "హాయ్ ఫ్రెండ్స్" అంటూ బ్యాటరీ తీయడాన్ని అయిదు నిమిషాలు చూపిస్తారు. రిబ్బను దగ్గరికి రాగానే చెయ్యి అడ్డం పెట్టుకుని రెండు సెకన్లలో కానిచ్చేస్తారు.

బోర్డు ఎత్తి తిరగేసేసరికి వరండా అంతా ఘాటు లేచింది. హీట్‌సింకు, అంటే ఇందాక చెప్పిన రాగి పలక, గొట్టం, రేకుల అమరిక. దాని స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలుంటాయి. విప్పేటప్పుడు 4 నుంచి వెనక్కి రావాలి, ఒక్కోదాన్ని కొద్దికొద్దిగా వదులు చేస్తూ. ఫ్యాను మూత తీసి చూస్తే రేకుల ముందు అర సెంటీమీటరు మందాన ఎర్రటి పొర. గోతాల పీచు, మిరప పొట్టు, మామూలు దుమ్ము కలిసి గట్టిగా అల్లుకుపోయాయి. పట్టకారుతో ఒక మూల పట్టుకుంటే చింపినట్టు పట్టీగా వచ్చేసింది. గాలి వెళ్లడానికి ఎక్కడా సందు లేదు.

ఇంతలో బావగారు ఉత్సాహం ఆపుకోలేక, నేను వద్దనేలోపే వంగి రేకుల్లోకి ఉఫ్ఫున ఊదారు. లోపల మిగిలిందంతా ఆయన ముఖం మీదికే తిరిగి వచ్చింది. ముప్పై ఏళ్లుగా మిర్చి వ్యాపారంలో ఉన్న మనిషి, యార్డులో ఎన్నడూ దగ్గని మనిషి, ఆ ఆదివారం మధ్యాహ్నం కళ్లు మూసుకుని కుళాయి ఎక్కడుందని అరిచారు. లోపలి నుంచి మా అక్క వచ్చి, "వరండాలో కారం కొడుతున్నారా, కంప్యూటర్ బాగు చేస్తున్నారా?" అని తలుపు వేసుకుంది. మేనకోడలు తుమ్ముతూనే ఇదంతా ఫోనులో తీసింది. ఆ వీడియో ఇప్పటికీ పెళ్లిళ్లలో తిరుగుతోంది. మాస్కు పెట్టుకోండి. మిర్చి యార్డు కాకపోయినా సరే.

మిగతా పని నిదానంగా సాగింది. రేకులను మెత్తటి పెయింటింగ్ బ్రష్షుతో దులిపాను. ప్రాసెసర్ వేడి రాగి పలకకు అందేలా మధ్యలో పూసే థర్మల్ పేస్టు పాతబడి, ఎండి సుద్దలా రాలిపోతోంది. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, దూదితో తుడవాలి. కరోనా నాటి శానిటైజర్ సీసా ఉంది కదా అని దానితో తుడవకండి, అందులో గ్లిసరిన్ ఉంటుంది. గోళ్ల రంగు తుడిచే ద్రావకం అసలే వద్దు. కొత్త పేస్టు బియ్యపు గింజంత చాలు, హీట్‌సింకు బిగిస్తే అదే పరుచుకుంటుంది. పక్క చిప్పుల మీద మెత్తటి థర్మల్ ప్యాడ్లు కనిపిస్తే వాటిని తీసి పేస్టు పూయకూడదు. చిప్పుకూ పలకకూ మధ్య ఆ ఎడం పేస్టు నింపేది కాదు.

ఫ్యాను చప్పుడులో కూడా రెండు రకాలున్నాయి. హోరు అయితే గాలి ఆడక, దుమ్ము తీస్తే పోతుంది. కరకరమంటే బేరింగు అరిగింది. నడుమ స్టిక్కరు మెల్లగా లేపి కుట్టు మిషను నూనె ఒక్క చుక్క వేస్తే కొన్ని నెలలు లాగుతుంది. ఆలోగా ఫ్యాను మీది స్టిక్కరులో ఉన్న నంబరు చూసి కొత్తది తెప్పించుకోండి. కొబ్బరి నూనె వేసినవాళ్లను చూశాను. చలికాలం రాగానే అది గడ్డకడుతుంది.

అంతా బిగించి మళ్లీ చూస్తే ఊరికే ఉన్నప్పుడు 49, ప్రింటు కొడుతున్నప్పుడు 70. బావగారు ఎర్రబడ్డ కళ్లతోనే సోమవారం బిల్లులు కొట్టుకున్నారు. తొమ్మిది వేల మదర్‌బోర్డు సంగతి షాపులో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అడగకపోయినా ఒకటి చెప్పాలి. స్కూటరు సర్వీసింగుకు ఇవ్వకుండా పదేళ్లు నడిపేవాళ్లు మనలో లేరు. అలాంటిది ఒక్కసారి కూడా దుమ్ము దులపని యంత్రాన్ని పట్టుకుని "పాతబడింది" అంటాం. కూలింగ్ ప్యాడ్ కొని అడుగున పెడతాం. నా ఉద్దేశంలో అది ముక్కు మూసుకుపోయిన మనిషికి విసనకర్ర ఊపడమే. కంపెనీలకూ మనం ఇలా ఉండటమే హాయి. ఫ్రాన్సులో 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్ అమ్మేవాడు అది ఎంత తేలికగా మరమ్మతు అవుతుందో పదికి ఇన్ని మార్కులని వేసి చూపించాలి. మార్కులు వేయడం వృత్తిగా బతికే నాకు ఆ పద్ధతి తెగ నచ్చింది. మన దగ్గర కూడా కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ తెరిచింది. అట్టపెట్టె మీద మార్కులు మాత్రం ఇంకా కనిపించడం లేదు.

దీనికి తోడు విండోస్ 10 గోల ఒకటి. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు మద్దతు, అంటే భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం, ఆగిపోయింది. విండోస్ 11 ఏమో ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. మీ పదేళ్ల యంత్రం శుభ్రం చేశాక ఎంత చల్లగా నడిచినా ఆ మాట వినాల్సిందే. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకోండి, బ్రౌజరుకూ సినిమాలకూ హాయిగా సరిపోతుంది. ట్యాలీ లాంటివి తప్పనిసరైతే బావగారిలా ఇంటర్నెట్ తీసేసి లెక్కలకు మాత్రమే వాడుకోవచ్చు.

చేతులు రావనుకుంటే షాపుకే ఇవ్వండి, తప్పు లేదు. కానీ హీట్‌సింకు విప్పి, కొత్త పేస్టు వేసి, తీసిన దుమ్ము చూపిస్తారా అని ముందే అడగండి. బయటి నుంచి ఊదితే చాలన్నవారికి ఇవ్వకండి. మీ ల్యాప్‌టాప్ మోడల్ నంబరు రాస్తే ఫ్యాను మూత కింద ఉందో బోర్డు కింద ఉందో చూసి చెబుతాను. ఆ నంబరు బ్యాటరీ తీసిన గుంటలోనో, అడుగు స్టిక్కరు మీదో ఉంటుంది.