రాత్రి తొమ్మిదికి పొయ్యి ఆర్పెయ్

చిట్టీ,

ఆశీస్సులు. మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, ఈసారి పెద్దపండగ మన ఊళ్లో, పాతింట్లో నువ్వే చేస్తుండావని చెప్పింది. ఇరవైరెండు మందిని పిలిచావంట. ఫోన్ పెట్టేసి చాలాసేపు వాకిట్లోనే కూర్చున్నా. ఆరేళ్లుగా తాళం పడిన ఇల్లు. ఆ గడపకి మళ్లీ పసుపు పూసే చెయ్యి ఒకటి ఉందని సంతోషం. ఆ వెనకే గుబులు. రాత్రంతా నిద్ర పట్టలేదు, అందుకే ఈ జాబు. ఫోన్లో చెప్తే "సరే పెద్దమ్మా, సరే" అంటావు, సగం వినవు. కాగితం మీదయితే రెండోసారన్నా చదువుతావు.

ముందు చిన్నవి చెప్పేస్తా. రైలు టికెట్లు ఇప్పుడు 120 రోజుల ముందు ఇవ్వడం లేదు. 2024 నవంబరు నుంచి 60 రోజులే. కాబట్టి సంక్రాంతికి సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో చోటు కావాలంటే నవంబరు నడిమికి ఫోన్ చేతిలో పెట్టుకొని కూర్చోవాలి. హైదరాబాదు నుంచి వచ్చే వాళ్లందరికీ ఇప్పుడే చెప్పు. రాత్రిపూట కార్లలో బయల్దేరతామంటే మటుకు ఒప్పుకోబాకు. ఇంటికి సున్నం తొందరపడి వేయించబాకు, మనకి అసలు వానలు డిసెంబరు దాకా ఉంటాయి, అవి తగ్గాక వేయించు. మోటారు, ట్యాంకు, పాయిఖానా నెల ముందే చూపించు. వెనకింట్లో పాత గోతాలు మనిషిని పెట్టి కర్రతో తీయించు, నువ్వు చెయ్యి పెట్టబాకు, పురుగూ పుట్రా ఉంటాయి. తినడానికి విస్తరాకులు తెప్పించు. ఇరవైరెండు కంచాలు మూడు పూటలా తోమే మనిషి ఇప్పుడు ఊళ్లో లేదు, నువ్వు తోమడానికి వీల్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మ నీ పిండివంటల జాబితా నాకు వాట్సాప్‌లో పంపింది. తొమ్మిది రకాలు! తొమ్మిది! నీకేమన్నా మతి ఉందా? ఆఫీసు నుంచి నాలుగు రోజుల ముందు వచ్చి, మూడేళ్ల పిల్లని చంకనేసుకొని, తొమ్మిది రకాలు చేస్తావా? చదువుతుంటే నా చేతులు వణికాయి. ఎందుకు వణికాయో చెప్పాలి. ఇన్నాళ్లూ మీ అమ్మ చెప్పనీయలేదు.

మీ అమ్మ ఎడమ చేతి మీద, మణికట్టు నుంచి మోచేతి దాకా మచ్చ ఉంది కదా. నువ్వు చిన్నప్పుడు అడిగితే దీపావళికి మతాబు కాలిందని చెప్పింది. మతాబు కాదు చిట్టీ. అది నా అరిసెల మూకుడు.

1997 సంక్రాంతి. కావలిలో మా అత్తగారింట్లో. అంతకు ముందేడు పండగకొచ్చిన మా ఆడబిడ్డ వెళ్లేటప్పుడు "ఈసారి ఇంట్లో పండగ కళే లేదు వదినా" అని నవ్వుతూనే అంది. ఆ మాట నాకు ఏడాది పొడుగునా గుచ్చుకుంటానే ఉంది. ఈసారి చూపిస్తా అనుకున్నా. ఏడు రకాలు రాసుకున్నా. అరిసెలు, మురుకులు, చెక్కలు, కజ్జికాయలు, సున్నుండలు, నువ్వుండలు, బూరెలు. ఒక్క అరిసెలకే ఎనిమిది కిలోల బియ్యం నానేశా. మా అత్తగారు చెయ్యేస్తానంటే "మీరు కూర్చోండత్తా" అన్నా. మర్యాదకి కాదు, పేరంతా నాకే రావాలని. మీ నాన్న ఊళ్లో లేకపోయేసరికి మీ అమ్మ నిన్నెత్తుకొని సాయానికి వచ్చింది. దానిని మటుకు కాదనలేకపోయా.

భోగి ముందురోజు తెల్లారి మూడింటికే లేచా. బియ్యం వార్చి, ఆరబెట్టి, తడి ఉండగానే పిండి పట్టించి, జల్లించేసరికే మధ్యాహ్నం దాటింది. మిగతా రకాలు నడుస్తానే ఉండాయి. చీకటి పడ్డాక బెల్లం ఉండపాకానికి వచ్చింది, పిండి పోసి చలిమిడి కలిపాం. అక్కడ ఆపాల్సింది. చలిమిడికి పైన నెయ్యి రాసి గట్టిగా మూతపెడితే మర్నాడు తీరిగ్గా వత్తుకోవచ్చు, మా అమ్మ అట్టానే చేసేది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆపలేదు. తెల్లారి ఆడబిడ్డలు దిగేసరికి డబ్బాలు నిండి ఉండాలి.

రాత్రి పదకొండు దాటింది. నేను ఆకు మీద వత్తి నూనెలో వేస్తుండా, మీ అమ్మ తీసి చెక్కల మధ్య పెట్టి నూనె నొక్కుతుంది. ఒక అరిసె జారుస్తూ ఉండగా నాకు కునుకు పట్టింది. రెప్పపాటే. చెయ్యి పోయి మూకుడు చెవికి తగిలింది. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి, మూకుడు పక్కకి ఒరిగింది. సరిగ్గా ఆ పక్కన నువ్వు. నిద్రలేచి, దాహమని కళ్లు నులుముకుంటూ వచ్చి నిలబడుండావు. నేను చూడనే లేదు. మీ అమ్మ ఎట్టా చూసిందో, ఒక చేత్తో నిన్ను వెనక్కి తోసి రెండో చెయ్యి అడ్డం పెట్టింది. నూనె ఆ చేతి మీద పడింది. నీ మీద ఒక్క చుక్క పడలేదు.

ఎవరో సిరా పొయ్యమన్నారు, పోశాం. మర్నాడు డాక్టరు చూసి మమ్మల్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. కాలితే వెంటనే కుళాయి నీళ్లు ఇరవై నిమిషాలు ధారగా పొయ్యాలి, ఆపైన ఆస్పత్రికి పోవాలి. సిరా, పేస్టు, పసుపు, ఐసుగడ్డ, ఏదీ పెట్టకూడదు. ఇది రాసి వంటింటి గోడకి అంటించు.

మూడు రోజుల పండగ మీ అమ్మ అరిటాకు మీద చెయ్యి ఆనించుకొని కూర్చుంది. అరిసెలు డబ్బా నిండా ఉండాయి, ఎవరికీ నోట పెట్టబుద్ధి కాలేదు. నెలాఖరుకి గేదెలకి పెట్టా. కట్లు మార్చింది ఎవరనుకుంటుండావు? ఆ ఆడబిడ్డే. పది రోజులు ఉండిపోయి మార్చింది. ఒకరోజు నేను ఏడుస్తా ఆమె అన్న మాట ఆమెకే గుర్తు చేశా. నా మొహం అట్టానే చూసి, "నేను వంటల గురించి అన్లేదు వదినా. వచ్చిన మూడు రోజుల్లో నువ్వు ఒక్కసారి కూడా మా దగ్గర కూర్చోలేదు, అందుకని అన్నా" అంది. ఆ మాటకి ఇప్పటికీ నాకు జవాబు లేదు.

నువ్వు నన్ను చూస్తే భయపడకూడదని మీ అమ్మ మతాబు కథ అల్లింది. ఇప్పటికీ పొడుగు చేతుల జాకెట్టే వేస్తది. ఇప్పుడు నీ పిల్లకీ సరిగ్గా మూడేళ్లు. అందుకే చెప్తుండా.

నా మాట ఒక్కటే. రాత్రి తొమ్మిదికి పొయ్యి ఆర్పెయ్. ఏది సగంలో ఉంటే అది సగంలోనే ఉండనీ. తొమ్మిది రకాల్లో ఆరు కొట్టెయ్. అరిసెలు కావలిలో ఆర్డరు మీద చేసిచ్చే ఆడవాళ్లు ఉండారు, నేను చెప్పి చేయిస్తా. కొనుక్కున్నంత మాత్రాన పండగ పలచబడదు. మురుకులు పెద్దమామ వాళ్లని తెమ్మను, నువ్వుండలు ఒంగోలు పిన్నమ్మ బ్రహ్మాండంగా చేస్తది, అడిగితే ఆమెకి సంతోషం. నువ్వు ఒక్క పొంగలి చెయ్. పిల్లలతో పని చేయించు. పెద్దోళ్లని కూడా కూర్చోబెట్టబాకు, చిక్కుడుకాయలు గిల్లమను. నేను మా అత్తని కూర్చోబెట్టి ఆమెకి పండగ లేకుండా చేశా.

నీకు తెలియని పండగ ఒకటి చెప్తా. 1989 నవంబరు 9న తుపాను మన కావలి దగ్గరే తీరం దాటింది. దానికి 'గే' అని పేరు పెట్టారు, మనకి మటుకు అది కావలి తుపానే. నువ్వు సున్నం వేయించబోతుండావే, ఆ ఇంటికే పెంకు సగానికి సగం లేచిపోయింది. వరి నేలపాలయింది. రెండు నెలలకి సంక్రాంతి. ఏం చేసుకుంటాంలే అన్నాడు మా నాయన. భోగి పొద్దున చూస్తే వీధి వీధంతా కూలిన చెట్ల మొద్దులు తెచ్చి ఒకచోటే మంట వేశారు. అంత పెద్ద భోగిమంట నేను మళ్లీ చూళ్లేదు. నాలుగిళ్ల వాళ్లం తలా గుప్పెడు బియ్యం తెచ్చి ఒకే గుండిగలో పొంగలి పెట్టాం. కొత్త బట్టల్లేవు. సంక్రాంతినాడు పెద్దలకి పెట్టే బట్టలు కూడా మా అమ్మ తన ఉతికిన చీరే పెట్టి దణ్ణం పెట్టింది. రాత్రి పెంకు లేని చోట నుంచి నక్షత్రాలు కనపడుతుంటే నేనూ మీ అమ్మా ఒకే బొంతలో పడుకొని నవ్వుకుంటా ఉన్నాం. నాకప్పుడు ఇరవైమూడు. ఎందుకు నవ్వామో గుర్తులేదు.

నీ మూడు రోజులు ఇట్టా పెట్టుకో. భోగికి మంట చిన్నదే చాలు, పాత టైర్లు, ప్లాస్టిక్కు వెయ్యనీయబాకు. తలంటు, పొంగలి, వంకాయ చిక్కుడు కూర. సాయంత్రం పిల్లకి భోగిపళ్లు. సంక్రాంతికి పెద్దలకి బట్టలు, గుమ్మడికాయ కూర, మధ్యాహ్నం అందరూ నిద్ర. అవును, నిద్రే. కనుమకి మినప గారెలు, చేపల పులుసు. చేపలు అమ్మే చోటే శుభ్రం చేయించి తెమ్మను, పులుసు పొద్దున్నే పెట్టేస్తే రాత్రికి ముక్కకి పులుపు పడతాది. జనవరిలో మామిడికాయ దొరక్కపోతే చింతపండుతోనే కానీ, దానికోసం ఊళ్లు తిరగబాకు. కనుమనాడు కాకి కూడా కదలదంటారు, ఎవరినీ ఆ రోజు బయల్దేరనీయబాకు. తుమ్మలపెంట సముద్రానికి పోవాలంటే ముక్కనుమ పొద్దున పోండి. పిల్లల్ని మోకాళ్ల లోతు దాటనీయబాకు, అక్కడ అల వెనక్కి లాగుతాది. నేను ఒడ్డునే ఉంటాలే.

ఎవరన్నా "ఏంది, మూడే రకాలా" అంటే నా పేరు చెప్పు. మా పెద్దమ్మ ఒప్పుకోలేదని చెప్పు.

నేను భోగికి రెండు రోజుల ముందే వస్తా. రేగిపళ్లు, బంతిపూలు, చిల్లర నాణేలు నేనే తెస్తా, నువ్వు కొనబాకు. మా అమ్మ అరిసెల చెక్కలు నా దగ్గరే ఉండాయి, అవీ తెస్తా. వాడడానికి కాదు, అవి ఆ ఇంట్లో ఉండాల్సినవి. వంటింటి గడప దగ్గర నాకొక పీట వేసి పెట్టు. గారెలు వేసేంత సేపూ పిల్లని ఒళ్లో పెట్టుకొని అక్కడే కూర్చుంటా.

మీ పెద్దమ్మ