పికప్‌కి లాగితే వచ్చే వర్క్ లైట్ ఎలా పెట్టుకోవాలి?

రాత్రిపూట కూరగాయల లోడు ఎక్కించే బొలెరో పికప్‌కి రీల్ లైట్ (చుట్టలోంచి వైరు లాగితే వచ్చే లైటు) పెట్టాలని అడిగారు కదా, పెట్టుకోవచ్చు. 12 వోల్టుల 18 వాట్ల ఎల్‌ఈడీ చాలు, అది లాగేది 1.5 ఆంపియర్లే, అంటే 5 గంటలు వెలిగినా బ్యాటరీలోంచి పోయేది సుమారు 7.5 ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో ఉండే ఛార్జికి కొలత).

స్ప్రింగుతో వెనక్కి చుట్టుకునే రీళ్లు ఎక్కువగా 230 వోల్టుల ఇంటి కరెంటు కోసం చేసినవే దొరుకుతాయి. రీల్ వాడుకోవచ్చు గానీ బల్బు తీసి ఆ 12 వోల్టుల ఎల్‌ఈడీ పెట్టాలి, ప్లగ్గు కోసేయాలి, లేకపోతే ఎవరో ఒకరు తెలియక ఇంట్లో సాకెట్‌కి పెట్టేస్తారు. రీల్‌ని క్యాబిన్ వెనక, వాన తగలని చోట బిగించండి.

అన్నిటికంటే ముఖ్యం ఫ్యూజు. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపే 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, అక్కడి నుంచి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు గొట్టంలో తీసుకెళ్లండి, ఎందుకంటే ఛాసిస్‌కి రాసుకుని వైరు తోలు ఊడిందంటే బండి తగలబడకుండా ఆపేది ఆ ఫ్యూజు ఒక్కటే. టెయిల్ లైటు వైరుకి మాత్రం దయచేసి కలపొద్దు. స్విచ్ డ్రైవర్ చేతికి అందేలా ఉండాలి, బండి కదిలే ముందు లైటు ఆపేయాలి, లేకపోతే వెనకొచ్చేవాళ్ల కళ్లు చెదురుతాయి.