తాబేలుకు స్కానింగ్ చేసే డాక్టర్ అవుతానంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ సెకండియర్. తాబేళ్లకు, ఇగువానాలనే పెద్ద బల్లులకు అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేసే వీడియోలు చూసి అదే చదువుతానంటోంది. ఎంబీబీఎస్ సీటు కష్టమేనట. కనీసం బీవీఎస్సీలో అయినా చేర్పించాలా, బీఎస్సీ ఇమేజింగ్ మేలా? పాముల డాక్టరా అని బంధువులు నవ్వుతున్నారు. – ఒక తల్లి, ఒంగోలు

జవాబు: అమ్మా, మీ బెంగంతా ఆ చివరి వాక్యంలోనే ఉంది. దాని దగ్గరికి వస్తాను. ముందు కోర్సుల సంగతి. బీఎస్సీ ఇమేజింగ్ మనుషుల స్కానింగ్ సెంటర్ల కోసం పెట్టిన చదువు. జంతువుల క్లినిక్‌లో ప్రోబ్ (ఒంటికి ఆనించే స్కానింగ్ పరికరం) పట్టుకునేది దాదాపుగా డాక్టరే. వైద్యం చేయాలంటే వెటర్నరీ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి, దానికి పశువైద్య డిగ్రీ బీవీఎస్సీ చదవాల్సిందే. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. ఆపైన పీజీ, అంటే ఎంవీఎస్సీలో సర్జరీ, రేడియాలజీ రెండేళ్లు.

ఆ పని ఎలా ఉంటుందో నేనొకసారి దగ్గరుండి చూశాను. హైదరాబాద్‌లో తెలిసిన డాక్టరుగారి దగ్గరికి ఒకాయన అక్వేరియం షాపులో కొన్న స్లైడర్ తాబేలును బకెట్‌లో తెచ్చాడు. వారంగా తిండి మానేసింది, రాయి మింగిందేమోనని అనుమానం. తాబేలు డిప్ప ఎముక కదా, దాని మీద ప్రోబ్ పెడితే ఏమీ కనిపించదు. డాక్టరుగారు వెనక కాలు మెల్లగా బయటికి లాగి, తొడ ముందున్న గుంటలో జెల్ నింపి, బొటనవేలంత ప్రోబ్ ఆనించారు. అది కాలు లోపలికి లాక్కుంటుంది, ఈయన మళ్లీ లాగుతారు. పావుగంట కుస్తీ! చివరికి తెర మీద తెల్లటి వంపు గీతలు, వాటి కింద నీడలు. గుడ్లు. "మా ఇంట్లో మగదే లేదండీ" అన్నాడాయన. మగది లేకపోయినా గుడ్లు తయారవుతాయని, పెట్టడానికి మట్టి దొరక్క ఆపుకుని ఉంటుందని చెప్పి, లెక్క తేలడానికి ఎక్స్‌రే రాశారు.

ఒక్కో జంతువుది ఒక్కో తీరు. చాలా పాముల్లో గుండెను ముక్కు నుంచి ఒంటి పొడవులో పావు వంతుకూ మూడో వంతుకూ మధ్య వెతకాలి. ఇగువానాకైతే భుజాల ఎముకల మధ్య దాక్కుంటుంది, చంకలో నుంచి చూడాలి. కుబుసం విడిచే రోజుల్లో పాత చర్మం కింద గాలి చేరి బొమ్మే సరిగా రాదు. మనుషుల స్కానింగ్ సెంటర్‌లో లింగ నిర్ధారణ నేరమని బోర్డు ఉంటుంది కదా, కొన్ని రకాల ఉడుముల్లో ఆడో మగో పైకి తెలియక స్కానింగ్ చేసేదే అందుకు!

ఇక నా అనుమానాలు. "ఎగ్జోటిక్ వెట్", అంటే పాములు, తాబేళ్లలాంటి అరుదైన పెంపుడు జంతువుల డాక్టర్, అనేది ఇప్పుడు ఫ్యాషన్. మన దగ్గర చాలామంది ముచ్చటపడే నక్షత్ర తాబేలు వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉంది, ఇంట్లో పెంచుకోవడం నేరం. విదేశీ ఇగువానా, బాల్ పైథాన్‌లకు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ కావాలి. కాగితాలు లేనివాళ్లు డాక్టరు దగ్గరికి రావడానికే జంకుతారు. హైదరాబాద్‌లో కూడా పాములు, తాబేళ్లనే నమ్ముకుంటే క్లినిక్ అద్దె రాదు. కుక్కలు, పిల్లులే ఇల్లు నడుపుతాయి. ఇంటర్ పిల్లలకు ఎగ్జోటిక్ స్కానింగ్ అని ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఎవరైనా అమ్మజూపితే ఒక్క రూపాయి కట్టకండి.

ఇప్పుడు మీ మాటకొస్తాను, కోపం తెచ్చుకోవద్దు. "కనీసం బీవీఎస్సీలో అయినా" అని రాశారు. ఆ "కనీసం", ఆ "అయినా" మీ అమ్మాయి రోజూ వింటూనే ఉంటుంది. ఇష్టపడి అడిగిన చదువును మిగిలిపోయిన సీటులా చేతిలో పెడితే ఎలాగమ్మా? నవ్వే బంధువుల్లో గేదెలున్నవాళ్లు ఉంటే, అది ఈనలేక అవస్థ పడే రాత్రి ఎవరికి ఫోన్ చేస్తారో అడగండి. గేదె చూలుతో ఉందో లేదో నెల రోజులకే చెప్పేది కూడా అల్ట్రాసౌండే. ముందు గేదెల మీద, కుక్కల మీద చెయ్యి తిరిగితే తాబేలు తర్వాత వస్తుంది. రేపు అమ్మాయి మనసు మారి పాములొద్దన్నా డిగ్రీ ఎక్కడికీ పోదు. వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ పోస్టులున్నాయి, డెయిరీలున్నాయి, సొంత క్లినిక్ ఉంది. గన్నవరంలో సీటొస్తే మీకు దగ్గర కూడా. టెన్షన్ పడేంత ఏమీ లేదు.

పరీక్షలయ్యాక ఊళ్లోని పశువుల ఆసుపత్రిలో అడిగి నాలుగు రోజులు కూర్చోబెట్టండి. పేడ వాసన పడుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది. ఆ తర్వాత చెన్నై రైలెక్కి, మహాబలిపురం దారిలో 1976 నుంచి ఉన్న మొసళ్లు, పాములు, తాబేళ్ల జూ, మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్ చూపించండి. మీరు గేటు బయట కూర్చోకుండా లోపలికి వెళ్లండి.