తలకు దెబ్బ తగిలి నాలుగు నెలలైనా మతిమరుపు తగ్గడం లేదు.. ఏం చేయాలి?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. నాలుగు నెలల కిందట మా వారి బండి వెనక కూర్చుని వెళ్తుంటే చున్నీ చక్రంలో చిక్కుకుని కింద పడ్డాను. రెండు నిమిషాలు స్పృహ లేదట. సీటీ స్కాన్‌లో ఏమీ లేదన్నారు. అప్పటి నుంచీ మతిమరుపు. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతున్నాను. క్లాసులో పిల్లల పేర్లు నోటికి రావడం లేదు. దాదాపు రోజూ తలనొప్పి, మాత్ర వేసుకుంటున్నాను. రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టదు. మందుల షాపులో ఇచ్చిన జ్ఞాపకశక్తి మాత్రలు రెండు నెలలు వాడినా గుణం లేదు. జీవితాంతం ఇలాగే ఉంటుందా?
– ఒక సోదరి, ఖమ్మం

సలహా: అమ్మా, ముందు మీ భయం సంగతి చూద్దాం. మీరు రాసింది చూస్తే పెద్ద వయసులో వచ్చే మతిమరుపు జబ్బులా లేదు. ఏమేం మర్చిపోతున్నారో మీకే గుర్తుంది, వరసగా రాశారు. ఆ జబ్బు ఉన్నవాళ్లను సాధారణంగా ఇంట్లోవాళ్లు తీసుకొస్తారు, వాళ్లేమో ‘నాకేం, బాగానే ఉన్నాను’ అంటారు.

దెబ్బకు మెదడు కుదుపునకు లోనవడాన్ని కంకషన్ అంటాం. సీటీ స్కాన్‌లో రక్తస్రావం, ఎముక విరగడం కనిపిస్తాయి. మెదడు పనితీరులో వచ్చే తేడా కనపడదు. అందుకే ‘స్కాన్ బాగుంది కదా, అంతా నీ భ్రమ’ అని ఎవరైనా అంటే మనసుకు తీసుకోకండి. చాలామందికి కొన్ని వారాల్లో, మహా అయితే మూడు నెలల్లో సర్దుకుంటుంది. కొందరికి మీలాగే సాగుతుంది. అలా సాగేటప్పుడు నిద్రలేమి, తలనొప్పి, టెన్షన్ కలిసి మతిమరుపును తగ్గనివ్వవు. ఈ మూడింటికీ వైద్యం ఉంది.

పాల సంగతే తీసుకోండి. గిన్నె పెట్టేటప్పుడే మనసు అక్కడ ఉండదు. కణత లాగుతుంటుంది, రాత్రి నిద్ర లేదు, పక్కగదిలో టీవీ మోగుతుంటుంది. ఇలాంటివారికి మేం ఐదు మాటలు చెప్పి, ఐదు నిమిషాలాగి అడిగితే మూడే చెబుతారు. ‘ఒకటి పండు’ అని చిన్న ఆధారం ఇవ్వగానే ‘జామకాయ!’ అంటారు, మొహం వెలిగిపోతుంది. మాట లోపలే ఉంది, పైకి తీయడమే కష్టమైంది.

మొదట తలనొప్పి పని పట్టాలి. మామూలు నొప్పి మాత్ర నెలలో 15 రోజులు, రెండు మూడు మందులు కలిసిన మాత్రయితే 10 రోజులు దాటితే ఆ మాత్రే తలనొప్పి తెచ్చిపెడుతుంది. మీ విషయంలో అదే జరుగుతుండవచ్చు. న్యూరాలజిస్టును కలిసి తలనొప్పి రాకుండా ఆపే మందు రాయించుకోండి. అమిట్రిప్టిలిన్ రాస్తే నిద్రకూ పనికొస్తుంది. కాకపోతే మోతాదు ఎక్కువైతే అదే మగతగా, మందకొడిగా చేస్తుంది, అలా ఉంటే డాక్టరుకు చెప్పండి. ఆల్‌ప్రాజోలాం లాంటి నిద్రమాత్రలు సొంతంగా మొదలుపెట్టొద్దు, అవీ జ్ఞాపకాన్ని దెబ్బతీస్తాయి.

జ్ఞాపకశక్తి మాత్రల మీద డబ్బు పోయకండి. ఎక్కువగా అమ్ముడయ్యే సిటికోలిన్‌ను అమెరికాలో తలకు దెబ్బ తగిలిన 1,213 మందిపై పరీక్షించారు. 90 రోజులు వాడినవారికీ, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికీ తేడా లేదని 2012లో తేలింది. ఆ డబ్బుతో థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. వీటిలో లోపమున్నా మతిమరుపు వస్తుంది, సరిచేయడమూ తేలికే.

పనులు తగ్గించుకుని విశ్రాంతి తీసుకోవాల్సింది మొదటి ఒకటి రెండు రోజులే. ఇప్పుడు మీరు కదలాలి. రోజూ 20 నిమిషాలు చురుగ్గా నడవండి. తలనొప్పికి పదికి ఇన్ని అని మీరే మార్కులు వేసుకోండి. నడకకు ముందు మూడున్నది నడుస్తుంటే ఐదు దాటితే ఆగి, మర్నాడు కాస్త నెమ్మదిగా నడవండి.

స్కూల్లో హెడ్మాస్టరుతో మాట్లాడి కొన్నాళ్లు ఉదయం పీరియడ్లే అడగండి. అటెండెన్స్ రిజిస్టర్ చూసి పేరు పిలవడం తప్పేమీ కాదు. పాలు పెట్టగానే ఫోన్‌లో ఐదు నిమిషాల అలారం పెట్టండి. ఒకే నోట్‌బుక్కు పెట్టుకోండి, చిన్న చిన్న చీటీల మీద రాస్తే చీటీలే పోతాయి. రెండు నెలల్లో మార్పు లేకపోతే జ్ఞాపకం, ఏకాగ్రతలను విడివిడిగా కొలిచే న్యూరోసైకాలజీ పరీక్ష చేయించాలి. బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో ఆ పరీక్షా, తర్వాతి శిక్షణా ఉన్నాయి.

ఒక మాట అడగాలి. పడిన దృశ్యం మళ్లీ మళ్లీ కళ్ల ముందుకొస్తోందా? బండి ఎక్కాలంటే గుండె దడ పుడుతోందా? ఊరికే ఏడుపొస్తోందా? ఉంటే దాచుకోకండి. అదీ ఈ దెబ్బలో భాగమే, సైకియాట్రిస్టు దగ్గర మంచి వైద్యం ఉంది.

తలనొప్పి రోజురోజుకూ పెరగడం, వాంతులు, విడవని మగత, ఒక చెయ్యో కాలో బలహీనపడటం, మాట తడబడటం, ఫిట్స్.. వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి మళ్లీ స్కాన్ చేయించుకోవాలి. మెదడును కప్పే పొర కింద రక్తం కొన్నిసార్లు వారాల తర్వాత కూడా చేరుతుంది. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు మీరు వాడుతున్న ప్రతి మాత్ర అట్టా, పాత స్కాన్ ఫిల్మూ తీసుకెళ్లండి. మీ వారినీ వెంట రమ్మనండి. ఇకపై వెనక కూర్చున్నా హెల్మెట్ పెట్టుకోండి, చున్నీ నడుముకు కట్టుకోండి.